బోస్టన్ చుట్టుపక్కల జర్మన్ లాగర్లు: ఏ నెలలో ఏది తాగాలి, ఎక్కడ, ఎలా

మన దగ్గర బీరంటే లాగరే, అంటే చలిలో నెమ్మదిగా పులియబెట్టే రకం. కింగ్‌ఫిషర్ లాగరే, నాకౌట్ లాగరే, వైన్ షాపు ఫ్రిజ్‌లో కనిపించేవి దాదాపు అన్నీ లాగర్లే. అందుకేనేమో, అమెరికా వచ్చి మొదటిసారి క్రాఫ్ట్ బ్రూవరీలో అడుగుపెట్టిన తెలుగువాళ్ళు మెనూలో లాగర్ అన్న మాట కనిపించగానే కిందికి దిగిపోతారు. ఇంటి దగ్గర తాగిందే కదా, ఇక్కడ ఐపీఏ, అంటే హాప్స్ అనే పువ్వుల ఘాటూ చేదూ దండిగా ఉండే బీరు, తాగాలి అనుకుంటారు. మాసచూసెట్స్‌లో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. ట్రీ హౌస్, ట్రిలియమ్ లాంటి బ్రూవరీల పుణ్యమా అని మబ్బుగా, చిక్కగా ఉండే ఐపీఏలకి ఈ ప్రాంతం పెట్టింది పేరు.

ఐతే ఇదే రాష్ట్రంలో జర్మన్ పద్ధతి లాగర్లు శ్రద్ధగా కాచేవాళ్ళు ఉన్నారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే యాష్‌లాండ్, వెస్ట్‌బరో, ష్రూస్‌బరీల పక్కనే ఫ్రామింగ్‌హామ్‌లో జాక్స్ యాబీ ఉంది. హెండ్లర్ అన్నదమ్ములు ముగ్గురు 2011లో మొదలుపెట్టారు, లాగర్లు మాత్రమే చేస్తామని పట్టుబట్టి నిలబడ్డారు. బోస్టన్‌కి ఉత్తరాన సేలంలో నాచ్ ఉంది. కాస్త ఓపికుండి న్యూ హాంప్‌షైర్ దాకా వెళ్తే లిటిల్‌టన్‌లో అమొనూసక్ నది ఒడ్డున షిల్లింగ్, వెర్మాంట్‌లో స్టో ఊరి కొండ మీద వాన్ ట్రాప్. వీటన్నిటిలోనూ బీర్లు నెలల్ని బట్టి మారుతుంటాయి. ఆ నెలల లెక్క పట్టుకుంటే చాలు, మిగతాదంతా తేలిక.

బయల్దేరే ముందు

జేబులో పాస్‌పోర్టు పెట్టుకోండి. 21 ఏళ్ళు నిండాయని చూపించడానికి ఇండియా డ్రైవింగ్ లైసెన్సు పనికిరాదు. తల నెరిసినా అడుగుతారు, నవ్వుకుని చూపించడమే. మాసచూసెట్స్ లైసెన్సు ఉంటే గొడవే లేదు. వేరే రాష్ట్రం లైసెన్సును కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు.

కారు ఇంట్లో వదిలెయ్యండి. ఇది ఏదో మొక్కుబడిగా చెప్పే జాగ్రత్త కాదు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే, అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. హెచ్‌వన్ అయినా, స్టూడెంట్ వీసా అయినా అంతే. ఒక గ్లాసు బీరుకి అంత టెన్షన్ ఎందుకు? ఫ్రామింగ్‌హామ్‌లో జాక్స్ యాబీ బీర్ హాల్ కమ్యూటర్ రైలు స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. సేలంలో నాచ్ కూడా స్టేషన్ నుంచి నడకే. శని, ఆదివారాలైతే 10 డాలర్ల వీకెండ్ పాస్‌తో రోజంతా ఎటైనా తిరగొచ్చు. ఐతే వారాంతంలో రైళ్ళు తక్కువ, కాబట్టి తిరుగు రైలు టైము ముందే చూసి పెట్టుకోండి.

హ్యాపీ అవర్ కోసం మాత్రం వెతక్కండి. ఈ రాష్ట్రంలో 1984 నుంచి అది నిషేధం.

మొదటి గ్లాసు: హెలెస్ లేదా పిల్స్

ఏ నెలలో వెళ్ళినా, ఏ సీజన్ బీరు కోసం వెళ్ళినా, ముందు ఒక చిన్న గ్లాసు హెలెస్ గానీ పిల్స్ గానీ అడగండి. కొత్త హోటల్‌కి వెళ్తే ముందు ఒక ప్లేటు ఇడ్లీ తిని చూస్తాం కదా, అలాగన్నమాట. హెలెస్‌లో దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఐపీఏలో చిన్నాచితకా లోపాలుంటే హాప్స్ ఘాటు కప్పేస్తుంది. హెలెస్ బంగారు రంగులో, ఐదు శాతం దగ్గర ఆల్కహాల్‌తో, కొత్త బ్రెడ్డు వాసనతో ఉంటుంది. చేదు నామమాత్రం. మ్యూనిక్‌లో ష్పాటెన్ బ్రూవరీ 1894లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికే పక్క దేశం నుంచి వచ్చిన పిల్స్‌నర్ (పిల్స్ అంటే ఇదే) జనాన్ని లాక్కుపోతోంది మరి. ఆ పిల్స్‌నర్ 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ పట్టణంలో పుట్టింది, కాచినవాడు యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా మనిషి. బవేరియా అంటే మ్యూనిక్ ఉన్న జర్మన్ ప్రాంతం. జర్మన్ల చేతుల్లో అది ఇంకాస్త పలచగా, పొడిగా, చేదు ఎక్కువగా తయారైంది.

గ్లాసు చేతికి రాగానే వాసన చూడండి. వెన్న పూసిన పాప్‌కార్న్ వాసన వచ్చిందంటే ఈస్ట్ పని పూర్తికాకముందే తొందరపడి చల్లబరిచారన్నమాట, లేదా ట్యాప్ పైపులు సరిగ్గా కడగలేదు. ఉడికించిన మొక్కజొన్న వాసనైతే బీరు కాచేటప్పుడు పోవాల్సింది పోలేదు. తడిసిన అట్టపెట్టె వాసనైతే గాలి తగిలి పాతబడింది. ఇవేవీ లేకుండా, మొదటి గుక్క తర్వాత చెయ్యి దానంతటదే రెండో గుక్కకి వెళ్తే ఆ బ్రూవరీలో మిగతావి ధైర్యంగా తాగొచ్చు. లేదంటే బిల్లు కట్టి లేవండి, వాళ్ళ ఆక్టోబర్‌ఫెస్ట్ బీరు మాత్రం ఏం బాగుంటుంది?

లాగర్‌కి అసలు ఖర్చు టైము. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చలిలో నెమ్మదిగా పనిచేస్తుంది. తర్వాత బీరుని సున్నా డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఎనిమిది వారాలు కదపకుండా ఉంచాలి. ఐపీఏకైతే మూడు వారాలు చాలు. అంటే ఒక ట్యాంకులో ఒక లాగర్ పండేలోపు రెండు మూడు ఐపీఏలు అమ్ముకోవచ్చు. అద్దె, కరెంటు లెక్కలు చూసుకునే చిన్న బ్రూవరీ లాగర్ జోలికి ఎందుకు పోదో ఇప్పుడు అర్థమైంది కదా. హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో వీట్ బీర్లే ఎక్కువ కనిపించడానికి కూడా ఇదొక కారణం. కాబట్టి బార్‌టెండర్‌ని "ఇది ట్యాంకులో ఎన్ని వారాలుంది?" అని అడగడానికి మొహమాటపడకండి. లాగర్ శ్రద్ధగా చేసే చోట ఆ ప్రశ్నకి మొహం వెలిగిపోతుంది. మెనూ చూసి చెప్తానన్నారంటే అదీ ఒక జవాబే.

క్యాలెండర్

ఆగస్టు నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే. ఎండలు ఇంకా మండుతుండగానే షాపుల్లో నీలం, తెలుపు డైమండ్ గళ్ళ డబ్బాలు దిగిపోతాయి. అవి బవేరియా రంగులు. డబ్బా మీద ఆక్టోబర్‌ఫెస్ట్ అని ఉంటుంది, అది మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు ఉత్సవం పేరు. లోపల మాత్రం రెండు వేర్వేరు బీర్లలో ఏదైనా ఉండొచ్చు.

ఒకటి మెర్ట్‌సెన్. రాగి రంగు, కాల్చిన రొట్టె పైపొర రుచి, ఐదున్నర నుంచి ఆరు శాతం ఆల్కహాల్. దీని వెనక ఒక చట్టం ఉంది. 1553లో బవేరియా పాలకుడు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. ఎండాకాలంలో కాచిన బీరు తరచూ పాడయ్యేది మరి. దాంతో మార్చిలోనే కాస్త బలంగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచి, ఎండాకాలమంతా తాగుతూ, మిగిలింది శరదృతువులో ఖాళీ చేసేవాళ్ళు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రం బ్రూవరీల్లోకి వచ్చాక ఆ అవసరం తీరింది, బీరు మాత్రం మిగిలింది.

రెండోది ఫెస్ట్‌బియర్. లేత బంగారు రంగు, హెలెస్‌కి అన్న వరస, ఆరు శాతం దాకా ఆల్కహాల్. ఈ రోజుల్లో మ్యూనిక్ ఉత్సవంలో గుడారాల్లో లీటరు మగ్గుల్లో పోసేది ఇదే. మెర్ట్‌సెన్ లీటరు తాగితే కడుపు బరువెక్కుతుంది, రెండో లీటరు అమ్ముడుపోదు. అందుకే 1970ల నుంచి తేలిక బీరు వైపు జరిగారు. ఉత్సవం మొదలైంది 1810 అక్టోబర్‌లో, బవేరియా యువరాజు లూద్విగ్ పెళ్ళి సందర్భంగా. ఇప్పుడు అక్కడ బీరు పోసే హక్కు మ్యూనిక్‌లోని ఆరు బ్రూవరీలకే ఉంది: ఆగుస్టీనర్, హాకర్ ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పావులానర్, ష్పాటెన్.

అమెరికాలో మాత్రం ఆక్టోబర్‌ఫెస్ట్ అంటే ఇప్పటికీ ఎక్కువమంది దృష్టిలో రాగి రంగు మెర్ట్‌సెనే. సామ్యూల్ ఆడమ్స్ ఏటా పోసేది అదే. జాక్స్ యాబీ వాళ్ళ కాపర్ లెజెండ్ కూడా ఆ కోవే. నా ఓటు మెర్ట్‌సెన్‌కి. ఐతే ఒక షరతు. అమెరికన్ మెర్ట్‌సెన్లు కొన్ని పాకం పట్టినట్టు తియ్యగా ఉంటాయి, అవి వద్దు. మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, వాసన తియ్యగా ఉండాలి, మింగాక నాలుక మీద తీపి మిగలకూడదు. ఏది తీసుకోవాలో తేలకపోతే రెండూ చిన్న గ్లాసుల్లో పక్కపక్కన పెట్టుకుని తాగండి. సెప్టెంబర్‌లో లాగర్ బ్రూవరీల ట్యాపుల మీద తరచూ రెండూ దొరుకుతాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ బీర్లు తొందరగా వచ్చి తొందరగా పోతాయి. మ్యూనిక్ ఉత్సవం సెప్టెంబర్ మూడో వారం ప్రాంతంలో మొదలై అక్టోబర్ మొదటి ఆదివారానికి దాదాపు అయిపోతుంది. షాపువాళ్ళు మాత్రం ఆగస్టులోనే తెచ్చిపెట్టి, అక్టోబర్ మధ్యకల్లా గుమ్మడికాయ బీర్లకీ క్రిస్మస్ బీర్లకీ చోటిచ్చేస్తారు. అక్టోబర్ పేరున్న బీరు అక్టోబర్ చివర్లో దొరక్కపోవడం ఇక్కడ మామూలే. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే దాటాక వచ్చే మూడు నాలుగు వారాలు మీవి.

ఇంకో మాట. సేలంలో నాచ్ బీర్ గార్డెన్ బాగుంటుంది, నీటి పక్కన బల్లలు, సెప్టెంబర్ సాయంత్రం చల్లగాలి. కానీ అక్టోబర్ శని, ఆదివారాల్లో ఆ ఊరికి పోకండి. హాలోవీన్ కోసం మంత్రగత్తెల టోపీలు పెట్టుకుని దేశం నలుమూలల నుంచీ జనం దిగుతారు. పుష్కరాల్లో స్నానఘట్టం దగ్గర చోటు దొరకొచ్చు గానీ అక్కడ బల్ల దొరకదు.

నవంబర్‌లో నల్ల బీర్ల వంతు. డుంకెల్, ష్వార్ట్స్‌బియర్. రంగు చూసి భయపడకండి, బరువు ఉండదు. ష్వార్ట్స్‌బియర్ కళ్ళు మూసుకుని తాగితే కొంచెం కాఫీ గింజల వాసనున్న పిల్స్ అనిపిస్తుంది. పొగ బీరు, అంటే రౌఖ్‌బియర్ దొరికితే అతి చిన్న గ్లాసు అడగండి. బాంబెర్గ్ పట్టణంలో బీచ్ అనే చెట్టు చెక్క పొగలో మాల్ట్ ఆరబెట్టి చేస్తారు. ష్లెంకెర్లా అక్కడి పేరున్న చోటు. కట్టెల పొయ్యి మీద వండిన కూర వాసన తెలిసినవాళ్ళకి ఇది వెంటనే నచ్చుతుంది, మిగతావాళ్ళు రెండో గుక్కకి వదిలేస్తారు.

జనవరి నుంచి మార్చి దాకా డోపెల్‌బాక్. బాక్ అంటే బలమైన జర్మన్ లాగర్, ఇది దానికన్నా బలం. ముదురు గోధుమ రంగు, ఏడు ఎనిమిది శాతం ఆల్కహాల్. పావులానర్ మఠంలో సన్యాసులు ఈస్టర్ ముందు ఉపవాసాలప్పుడు కాచుకున్న బీరు ఇది. వాళ్ళ బీరు పేరు సాల్వాటర్. ఆ పేరు చూసి మిగతా బ్రూవరీలు కూడా చివర్లో ఏటర్ తగిలించిన పేర్లు పెట్టుకున్నాయి: ఆప్టిమేటర్, సెలబ్రేటర్, యానిమేటర్. మన స్ట్రాంగ్ బీరుకీ దీనికీ ఆల్కహాల్ ఇంచుమించు ఒకటే, పోలిక అక్కడితో సరి. ఇది కిక్కు కోసం గబగబా తాగేది కాదు. బయట మంచు పడుతుండగా అర లీటరు గంటసేపు తాగాలి.

ఏప్రిల్, మే నెలల్లో మైబాక్. బాక్ బలం, హెలెస్ రంగు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, ఆరున్నర ఏడు శాతం ఉంటుందని రెండో గ్లాసు అయ్యాక గానీ తెలియదు. జూన్ నుంచి మళ్ళీ హెలెస్, పిల్స్, వడకట్టని కెల్లర్‌బియర్. అప్పటికి బయట బల్లలు వేస్తారు.

ఆర్డర్ చేయడం, పోయించుకోవడం

అన్నీ రుచి చూడాలని ఉంటే నాలుగు చిన్న గ్లాసుల ఫ్లైట్ అడగండి. లేత రంగు, తక్కువ బలంతో మొదలుపెట్టి ముదురు వాటికి వెళ్ళండి, పొగ బీరు ఉంటే అది ఆఖరున. ఐపీఏ ఉంటే అది కూడా చివరికే. హాప్స్ చేదు నాలుక మీద ఎక్కాక హెలెస్ నీళ్ళలా అనిపిస్తుంది, అది హెలెస్ తప్పు కాదు.

నురగ చూసి తగువు పెట్టుకోకండి. మన దగ్గర నురగ ఎక్కువుంటే మోసం చేశాడని అనుకుంటాం. ఇక్కడ రెండు వేళ్ళ మందం నురగ లేకపోతే పోయడం రాలేదని అర్థం. వాసన పట్టి ఉంచేదీ, గ్యాస్ కాస్త పోయి కడుపు ఉబ్బకుండా చేసేదీ ఆ నురగే. నాచ్‌లో పక్కకి తిప్పే చెక్ దేశపు ట్యాపులు ఉంటాయి. వాటితో తడి తడిగా, మీగడలాంటి నురగ వస్తుంది. డెన్వర్‌లో బీర్‌ష్టాట్ లాగర్‌హౌస్‌లోనైతే స్లో పోర్ పిల్స్ ఒక గ్లాసు నింపడానికి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది, జనం ఓపిగ్గా నిలబడతారు.

ఫ్రీజర్‌లో పెట్టిన మంచు గ్లాసు ఇస్తే మామూలు గ్లాసు అడగండి. మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు. హెలెస్‌కి 5 నుంచి 7 డిగ్రీలు, డోపెల్‌బాక్‌కి 10 దగ్గర బాగుంటుంది. డోపెల్‌బాక్ వచ్చాక పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి, దానంతటదే దారికొస్తుంది. టిప్పు గ్లాసుకి ఒక డాలరు, తిండి కూడా తీసుకుంటే బిల్లులో ఇరవై శాతం.

పక్కన ఏం తినాలి

మన కారానికి ఐపీఏ శత్రువు. చేదూ ఆల్కహాలూ కలిసి మిరపకాయ మంటని ఇంకా రాజేస్తాయి. మెర్ట్‌సెన్‌లో మాల్ట్ ఆ మంటని సర్దుతుంది. సెప్టెంబర్‌లో ఇంట్లో మటన్ వేపుడు చేసి నాలుగు మెర్ట్‌సెన్ క్యాన్లు తెచ్చుకోండి, ఉల్లిపాయలు ఎర్రగా వేగిన రుచీ ఈ బీరు రుచీ ఒకే దారిలో నడుస్తాయి. చేపల వేపుడుకి పిల్స్. గోంగూర, చింతపండు పులుపు ఉన్నవాటికి హెలెస్ పరవాలేదు గానీ నల్ల బీర్లు అస్సలు కుదరవు. డోపెల్‌బాక్ పక్కన బెల్లం బొబ్బట్టు పెట్టి చూడండి. సంక్రాంతికీ డోపెల్‌బాక్ సీజనుకీ తేదీలు భలే కలిసాయి.

జాక్స్ యాబీలో కట్టెల పొయ్యి పిజ్జా ఉంటుంది, అది తినొచ్చు. వంటగది లేని ట్యాప్‌రూముల్లో చాలావాటికి బయటి తిండి తెచ్చుకోనిస్తారు. ముందు ఒక మాట అడిగి, మిర్చి బజ్జీ పొట్లంతో వెళ్ళండి. పక్క బల్లవాళ్ళకి రెండు ఇస్తే సాయంత్రం ఇంకా బాగా నడుస్తుంది.

ఇంటికి కొనుక్కునేటప్పుడు

ఈ రాష్ట్రంలో చాలా సూపర్‌మార్కెట్లలో బీరు దొరకదు, మద్యం షాపుకే వెళ్ళాలి. దాన్ని ఇక్కడివాళ్ళు ప్యాకీ అంటారు. క్యాన్ అడుగున తేదీ చూడండి. అది నింపిన తేదీయా, గడువు తేదీయా అన్నది ముందు తేల్చుకోండి. అమెరికాలో నెల ముందు రాస్తారని మరిచిపోవద్దు, 08/12 అంటే ఆగస్టు 12. హెలెస్, పిల్స్ నింపిన రెండు మూడు నెలల్లోపు తాగాలి. జర్మనీ నుంచి ఓడలో వచ్చిన హెలెస్ గోదాముల్లో ఆగి ఆగి షాపుకి చేరేసరికి ఆ గడువు తరచూ సగం పైగా అయిపోతుంది. అందుకే పేరు చూసి దిగుమతి సీసా తీసుకునే బదులు, పోయిన వారం ఫ్రామింగ్‌హామ్‌లో నింపిన క్యాన్ తీసుకోవడమే మేలు. ఆకుపచ్చ సీసాలైతే అసలు వద్దు, షాపు లైటు తగిలి కంపు కొడతాయి. తాజాగా తాగాలన్న లెక్కకి డోపెల్‌బాక్ ఒక్కటే మినహాయింపు. అది బలమైన బీరు, ఏడాది ఆగినా తట్టుకుంటుంది. మెడకి చిన్న తెల్ల ప్లాస్టిక్ మేక వేలాడుతున్న సీసా కనిపిస్తే తీసుకోండి, అది ఆయింగర్ వాళ్ళ సెలబ్రేటర్.

కొన్నవాటిని ఫ్రిజ్‌లోనే ఉంచండి, జూలైలో కారు డిక్కీలో వదలకండి.

ఇండియాకి పట్టుకెళ్ళాలంటే చెక్ ఇన్ బ్యాగులో, ఒక్కో క్యాన్ విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి, బట్టల మధ్యలో పెట్టండి. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యం దాకా తీసుకెళ్ళొచ్చు. 473 మిల్లీలీటర్ల క్యాన్లు నాలుగు కలిపితే 1.9 లీటర్లు, అంటే సరిగ్గా ఒక ఫోర్ ప్యాక్. ఐతే అది పెట్టాక డ్యూటీ ఫ్రీలో విస్కీ సీసా కొనే చాన్సు ఉండదు, మామయ్యకి ఏది తీసుకెళ్ళాలో ముందే తేల్చుకోండి.